చదివేది పిల్ల, వినేది తల్లి

అమ్మాయికి ఆశీస్సులు.

బడి కమిటీ చైర్‌పర్సన్‌గా ఎన్నికైన దగ్గర్నుంచీ మీ వీధివాళ్ళకి నెలనెలా రాసి పంచుతున్న ఉత్తరాలు అందాయి. మూడో ఉత్తరం చివర్లో, కొత్త కుర్చీల సంగతి అయిపోయాక, ఒక మాట రాశావు. బాత్రూమ్ తలుపుకి గడియ లేక నాలుగు, అయిదు తరగతుల ఆడపిల్లలు బడిలో ఉన్నంతసేపూ నీళ్ళు తాగడం మానేశారని. గడియ లేకపోవడం ఒకెత్తు, ఆ మాటని అంత అడుక్కి తోసెయ్యడం ఇంకొకెత్తు. దాని పైన పేజీ నిండా ఏముంది? విద్య అజ్ఞానాంధకారాన్ని పారద్రోలే దీపం అన్నావు. సర్పంచ్ గారి సందేశం, మండల విద్యాధికారి ఎంఈఓ గారి సందేశం, ఎవరెవరికి శాలువాలు కప్పారో ఆ పేర్లు, ‘సమావేశం విజయవంతంగా ముగిసింది’. ఆడపిల్లలు దాహంతో కూర్చుంటే ఏం విజయవంతం అయినట్టు? నన్ను బాబాయ్ అన్నావు కాబట్టి ఈ మాత్రం కోప్పడే హక్కు ఉందనుకుంటున్నాను.

నీకు చూసే కన్ను ఉంది. అది లేకపోతే ఆ గడియ సంగతే నీకు కనిపించేది కాదు.

ఇప్పుడు ఒకటి ఆలోచించు. నీ ఉత్తరం ఎవరు చదువుతారు? సర్కారు బడికి పిల్లల్ని పంపే ఇళ్ళలో తల్లులు పొద్దున్నే మిరప కోతకో ఉపాధి పనికో వెళ్ళి దీపాలు పెట్టే వేళకి వస్తారు. కాగితం పట్టుకుని కూర్చునే ఓపిక ఉండదు. కొందరికి చదవడమే రాదు. ఆ కాగితం చదివేది అయిదో తరగతి పిల్ల. పొయ్యి దగ్గర కూర్చుని వినేది వాళ్ళమ్మ. రాయడం మొదలుపెట్టిన నాటినుంచీ నేను పట్టుకుని వేలాడుతున్న మాట ఇదే: పైకి చదివితే చెవికెక్కని వాక్యం రాయకూడదు. అజ్ఞానాంధకారం అనడానికి ఆ పిల్లకి నోరు తిరగదు. తిరిగినా వాళ్ళమ్మకి అందులో దొరికేది ఏమీ లేదు.

‘మధ్యాహ్న భోజన నాణ్యతను పరిశీలించడం జరిగింది’ అని రాశావు. ఎవరు పరిశీలించారు, ఏం కనబడింది? ప్రాథమిక బడిలో ఒక్కొక్కరికి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు వండాలి. మీ బడిలో 86 మంది ఉన్నారన్నావు. అందరూ వచ్చిన రోజు 8 కిలోల 600 గ్రాముల బియ్యం ఎసట్లో పడాలి. అలా కిలోల్లో చెప్పు. రోజూ ఇంట్లో అన్నం వండే మనిషి గిన్నె చూసి పడిందెంతో చెప్పేస్తుంది, ఆమెకి ఏ ఇన్‌స్పెక్టరూ నేర్పక్కర్లేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకి వారానికి 5 గుడ్లు. నిన్న గుడ్డు పెట్టారో లేదో చదివే పిల్లకే తెలుసు. నువ్వు తప్పు రాస్తే అక్కడే ఆగి ‘లేదమ్మా’ అంటుంది. అంతకంటే గట్టి ఎడిటర్ నీకు ఎక్కడా దొరకడు.

‘ఉపాధ్యాయుల కొరత తీవ్రంగా ఉన్నది’ అన్నది కూడా అలాంటిదే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు టీచర్లు ఉండాలి. కాబట్టి ఇలా రాయి: మనకి 86 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు ఉండాలి, ఇద్దరే ఉన్నారు, మూడో టీచర్ కోసం ఫలానా తేదీన ఎంఈఓ ఆఫీసులో కాగితం ఇచ్చాం, ఇంకా జవాబు రాలేదు. నిధుల లేమి అని ఇంకోచోట రాశావు. సమగ్ర శిక్ష అనే సర్కారు పథకం కింద 30 దాటి 100 లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 25,000 రూపాయల వరకు గ్రాంట్ ఉంటుంది. ఈ ఏడు అందులో ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది, దేనికి ఖర్చయింది? గడియ, రెండు బందులు, వడ్రంగి కూలి కలిపి ఎంతవుతుందో కనుక్కుని ఆ అంకెని గ్రాంట్ పక్కన రాయి. ఇక మీ వీధివాళ్ళకి నువ్వు విడమరచి చెప్పాల్సిన పని ఉండదు.

ఈ ఉత్తరాలు ఏ పత్రికకి పంపాలని అడిగావు. పత్రికల సంగతి నా దగ్గర ఎత్తకు. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో బడి కమిటీల కోసం చట్టం చేశారు. ఊరూరా కమిటీలు మొదలైన ఆ రోజుల్లో నేను ఒక దినపత్రికకి లైన్ అకౌంట్ మీద వార్తలు రాసేవాణ్ణి. అచ్చయిన కొలతని బట్టి డబ్బులు. ఒక ఊరి బడిలో బోరు చెడిపోయి నెలలు గడిచాయి. ‘మా పిల్ల దాహమై మధ్యాన్నం ఇంటికొచ్చుద్ది, ఇంక బడికి పోదు’ అంది ఒక తల్లి. ఆ మాటతోనే వార్త ఎత్తుకున్నాను. జిల్లా డెస్క్‌లో ఆ తల్లి మాట కొట్టేశారు. ‘తాగునీటి సౌకర్యం కల్పించాలని స్థానికులు కోరుతున్నారు’ అని ఒక ముక్క వేసి, పైన కొత్త కమిటీకి జరిగిన సన్మానం ఫొటో పెద్దది పెట్టారు. ఫొటోలో ఉన్నవాళ్ళు పత్రిక కొంటారని వాళ్ళ లెక్క. ఆ లెక్కని నేను ఇప్పటికీ క్షమించలేదు. చేతిరాత ప్రతి నా దగ్గరే ఉంది కాబట్టి ఆ ఊరికే వెళ్ళి టీకొట్టు ముందు నిలబడి పైకి చదివాను. ఒక ముసలామె ‘బాగుచెయ్యడానికి ఎంతవుద్ది?’ అంది. మెకానిక్ చెప్పిన అంకె కాగితంలోనే ఉంది, చెప్పాను. సాయంత్రానికి చందాల మాట మొదలైంది. పత్రిక చదివే ఇళ్ళు ఆ ఊళ్ళో చాలా తక్కువ. విన్నవాళ్ళు మాత్రం చాలామంది.

కథలు పంపినా అంతే. ‘యాస పాలు ఎక్కువైంది’ అని వారపత్రికలు తిప్పి పంపేవి. ఆ తల్లి మాటలోంచి యాస తీసేస్తే మిగిలేది డెస్క్ వేసిన ఆ ముక్కే.

2009 విద్యాహక్కు చట్టం బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలంది, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలంది. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి మహిళా సంఘాలకే పని అప్పజెప్పారు. నీ ఉత్తరాల్లో మాత్రం ఒక్క తల్లీ నోరు విప్పలేదు. మీటింగ్‌కి వచ్చిన తల్లులు ఎందరు? పనిరోజు పదకొండు గంటలకి పెడితే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? తీర్మానాల పుస్తకంలో సంతకాలు ఆ రోజే పెట్టారా, తర్వాత ఇళ్ళకి పంపి పెట్టించారా? ఇవి రాయి. మాట్లాడినవాళ్ళ మాటని వాళ్ళన్నట్టే రాయి.

హెచ్చెమ్ గారు చూసి సరే అన్నాకే పంచుతున్నానన్నావు. ఆయన కమిటీకి కన్వీనర్, రిజిస్టర్లన్నీ ఆయన దగ్గరే ఉంటాయి, ఆయనతో తగువు పెట్టుకోమని నేను చెప్పను. అంకెలు చూపించు. తప్పుంటే దిద్దుకో. వాక్యాలు మాత్రం చూపించకు. నిన్ను ఎన్నుకున్నది తల్లిదండ్రులు, వాళ్ళకి జవాబు చెప్పాల్సిందీ నువ్వే.

పిల్లల పేర్లు ఎప్పుడూ రాయకు. ఫలానా పిల్లకి చదవడం రావట్లేదని రాశావనుకో, ఆ కాగితాన్ని వాళ్ళమ్మ ముందు కూడబలుక్కుని చదవాల్సింది ఆ పిల్లే.

వంట చేసేవాళ్ళ గురించి నువ్వు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. వాళ్ళకి నెలకి 3,000 రూపాయల గౌరవ వేతనం, అదీ చాలాచోట్ల నెలనెలా చేతికి రాదు. కూరగాయలు, నూనె ముందు వాళ్ళే తెచ్చి వండాలి, బిల్లు తర్వాతెప్పుడో వస్తుంది. వచ్చే నెల ఉత్తరం వాళ్ళతో మొదలుపెట్టు. ఎన్ని నెలలది రావాలో, కిరాణా కొట్లో అరువు ఎంత ఉందో కూర్చుని అడుగు. వాళ్ళు ఒప్పుకుంటేనే రాయి. పంచే ముందు మీ అబ్బాయి చేత పైకి చదివించు. వాడు తడబడిన చోటల్లా గీత పెట్టి ఆ కాగితమే నాకు పంపు. సాపు చేసి రాసిన ప్రతి నాకొద్దు.

బాబాయ్