కనుమ నాడు కూడా టిక్కే!

కోల్డ్ స్టోరేజీలో సేఫ్టీ రిజిస్టర్ కొత్తగా మీ చేతికిచ్చారు, రోజూ టిక్కులు పెడితే చాలదా, ఎక్సెల్ మేలా పుస్తకం మేలా అని అడిగారు. టిక్కులు చాలవండీ. నా సంగతి చెబుతాను.

గుంటూరు శివార్లలో ఒక స్టోరేజీలో సూపర్‌వైజర్‌గా చేసేవాణ్ణి. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, పైకి చేరేసే లిఫ్టు, గేటు పూర్తిగా పడకపోయినా కదిలేది. లిఫ్టు నడిపే అబ్బాయి నాకు చెప్పాడు, నేను ఓనరు గారికి ఫోన్లో చెప్పాను, ఆయన మెకానిక్‌ని పంపిస్తానన్నారు. అంతా నోటిమాటే. రిజిస్టర్లో మాత్రం రోజూ టిక్కు. పదిరోజులకు ఒక హమాలీ పాదం నలిగింది.

విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టర్ గారు పుస్తకం వెనక్కి తిరగేసి, "సంక్రాంతికి మూడు రోజులు మూసేశారు కదా, కనుమ నాడు లిఫ్టు ఎవరు చూశారు?" అన్నారు. నెలాఖర్న కూర్చుని ఒకే పెన్నుతో నింపి మమ అనిపించేవాణ్ణి మరి. ఆ కాకిలెక్కలు చూశాక, నేను నిజంగానే ఫోన్ చేశానంటే నమ్మేదెవరు?

తర్వాత పద్ధతి మార్చాను. "లిఫ్టు బాగుంది" అని కాకుండా, "రెండో అంతస్తు గేటు తెరిచి బటన్ నొక్కాం, కదిలింది, లిఫ్టు ఆపేశాం" అని రాయడం. పక్కన ఎవరికి చెప్పామో, ఎప్పటికల్లా బాగుచేయాలో. రిపేరయ్యాక మళ్లీ నడిపి చూసి, అదే వరసలో తేదీ, సంతకం. ఆ చివరి గడి ఖాళీగా ఉంటే పని కానట్టే. చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాసు ఒత్తిడి చూపే గేజీకి 'ఓకే' వద్దు, అంకె వేయండి. సెలవైతే సెలవనే రాయండి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి సంతకం చేయండి, వైట్‌నర్ జోలికి పోకండి.

మనది గోడౌనే కదా అనుకునేవాణ్ణి. అప్పట్లో మాకు వర్తించిన 1948 ఫ్యాక్టరీల చట్టం కోల్డ్ స్టోరేజీలో సరుకు నిల్వచేయడాన్నీ తయారీ ప్రక్రియ కిందే లెక్కగట్టింది. దాని 28వ సెక్షన్ ప్రకారం లిఫ్టును కాంపిటెంట్ పర్సన్, అంటే అందుకు అర్హత ఉన్న నిపుణుడు, కనీసం 6 నెలలకోసారి పరీక్షించాల్సి ఉండేది, దానికీ రిజిస్టర్ పెట్టాల్సి ఉండేది. బరువులెత్తే గొలుసులకూ తాళ్లకూ 29వ సెక్షన్ కింద 12 నెలలకోసారి పరీక్ష ఉండేది. మన రోజువారీ రాత వీటికి బదులు కాదు.

ఎక్సెల్ సంగతంటారా, నేను పుస్తకాన్నే లిఫ్టు పక్కన మేకుకు దారంతో కట్టాను. లిఫ్టు అబ్బాయి కూడా రాసేవాడు. రాత కోడి కెలికినట్టుండేది గానీ, అసలు విషయాలన్నీ వాడి గీతల్లోనే దొరికేవి.