బంపర్లకి జడ వేస్తే శిల్పం అయిపోద్దా?

ఈ వారం మూడే ఉత్తరాలు తీసుకున్నా. మొదటిదానికే సగం పేజీ పోయింది, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో చదువుకునేటప్పుడు టేట్ మోడర్న్ మ్యూజియంలో తీసిన ఫోటో మొన్న చూపించింది. గోడ నిండా నల్ల తాళ్ళు వేలాడుతున్నాయి, మధ్యమధ్యలో కారు బంపర్లు. ఆ తాళ్ళు మనుషుల జుట్టంట, దాన్ని కళ అంటారంట. నాకు మూడు లారీలున్నాయి, మా షెడ్డుకొస్తే ఇంతకంటే ఎక్కువే కనపడుద్ది. ఇందులో గొప్పేంటండీ?
- ఒక లారీ ఓనరు, గుంటూరు

జవాబు: మీరు వెటకారంగా అడిగినా అసలు పాయింటే పట్టుకున్నారు. అది నిజంగా మీ షెడ్డు లాంటి చోటునుంచే వచ్చింది. చేసినావిడ షీలా గౌడ, 1957లో కర్ణాటక భద్రావతిలో పుట్టారు, ఉండేది బెంగళూరు. మొదట పెయింటరే, తర్వాత 90ల్లో పేడ, దారం, కుంకుమ ఇలాంటివాటితో చేయడం మొదలెట్టారు. మీ అమ్మాయి చూసిన దాని పేరు 'బిహోల్డ్', ఇదిగో చూడు అని. 2009లో వెనిస్ బినాలేలో, అంటే ఇటలీలో రెండేళ్ళకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శనలో పెట్టారు, ఆ తర్వాత టేట్ కలెక్షన్‌లోకి వెళ్ళింది. 20 బంపర్లు, దాదాపు 4 కిలోమీటర్ల జుట్టు తాడు.

గుళ్ళో తలనీలాలు ఇస్తాం కదా, అందులో పొడుగు జుట్టు విగ్గులకీ సవరాలకీ మంచి రేటుకి పోద్ది, పొట్టిగా మిగిలిపోయినదాన్ని పేని తాడు చేస్తారు, ఆ తాడే దిష్టి తగలకుండా బళ్ళకి చుట్టుకునేది. మీ లారీలకీ కట్టే ఉంటారు. నిమ్మకాయలు తొక్కించి, ఇది కట్టి, అప్పుడు గేరు వేస్తాం. నేనొకసారి ఆటోనగర్‌లో ఓ మూర కొని ఇంటికి తెచ్చా, అది నున్నగా ఉండదు, వెంట్రుకల కొసలు లేచి చేతికి గుచ్చుకుంటుంటాయి. మా ఆవిడ గుమ్మం దాటనివ్వలేదు, ఎవరి తల వెంట్రుకలో ఏంటో బయట పడేయండి అని. గుళ్ళో ఇస్తే మొక్కు, బంపరుకి కడితే రక్ష, అన్నంలో ఒక్కటి కనపడితే కంచం పక్కకి తోసేస్తాం. ఉన్నది అదే వెంట్రుక!

షీలా గౌడ చేసిందల్లా లెక్క తిప్పేయడమే. మన బండికి బంపరు పెద్దది, తాడు మూరెడు. ఆవిడ దగ్గర తాడు కిలోమీటర్లు, బంపర్లు దాంట్లో చిక్కుకుని వేలాడతాయి, ఇనుము బరువుని జుట్టు మోస్తుంది. నేల మీద కుప్పలు పడి ఉన్న ఆ తాడులో ఎన్ని తలకాయల మొక్కులున్నాయో అనిపించాక ఇంక బంపర్ల మీదకి చూపు పోదు. విగ్రహం అయితే ఎదురుగా నిలబడి చూసి వచ్చేస్తాం, ఇలా చోటంతా కలుపుకుని చేసేదాన్ని ఇన్‌స్టలేషన్ అంటారు, అందులో గోడ, నేల, మీరు నడిచే దారి అన్నీ పనిలో భాగమే. అందుకే ఫోటోలో మీకు షెడ్డు కనపడింది.

ప్రశ్న: నేను పెళ్ళి ఫోటోగ్రాఫర్ని. జర్మనీకి చెందిన ఇద్దరు ఫోటోగ్రాఫర్లకి శిల్పం ప్రైజు ఇచ్చారని ఎక్కడో చదివా. అచ్చు తప్పేమో అనుకున్నా?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అచ్చు తప్పు కాదు. బెర్న్డ్, హిల్లా బెషర్ అనే భార్యాభర్తలు, 1990 వెనిస్ బినాలేలో శిల్పానికిచ్చే గోల్డెన్ లయన్ వాళ్ళకొచ్చింది. జీవితమంతా తీసినవి వాటర్ ట్యాంకులు, బ్లాస్ట్ ఫర్నేసులు, గ్యాస్ ట్యాంకులు. మబ్బు పట్టిన రోజు చూసుకుని వెళ్ళడం, నీడ పడకూడదు, మనిషి ఉండకూడదు, పెద్ద ఫార్మాట్ కెమెరా, బ్లాక్ అండ్ వైట్. తర్వాత ఒకే రకం ట్యాంకుల ఫోటోలు 9, 12, 15 చొప్పున వరసలుగా పక్కపక్కన పెట్టేవాళ్ళు. ఒక్క ట్యాంకు చూస్తే బోరు కొట్టుద్ది, పన్నెండు కలిపి చూస్తే ఒక్కోదానికి ఒక్కో మొహం వచ్చేస్తుంది. మీ దారిలో ఊరూరికీ ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటుందిగా, పెళ్ళిళ్ళు లేని మూఢంలో ఓ పన్నెండు తీసి చూడండి, పైకే నవ్వేస్తారు. వాళ్ళు 1970లో వేసిన పుస్తకం పేరులోనే 'అజ్ఞాత శిల్పాలు' అని ఉంది.

తోమాస్ డెమాండ్ అని ఇంకో జర్మన్ ఉన్నాడు, చదివింది శిల్పం, గదుల్నీ ఆఫీసుల్నీ అసలు సైజులో కాగితంతో కట్టి, ఫోటో తీసి, కట్టింది పారేస్తాడు. మీకు ఇది కొత్తేం కాదు, పూలమండపం తెల్లారేసరికి ఊడదీస్తారు, ఆల్బమ్ మిగుల్తుంది.

ప్రశ్న: ఎగ్జిబిషన్ అయిపోయాక ఇవన్నీ ఎక్కడ పెడతారు? కొన్నవాళ్ళకి చేతికేం వస్తుంది?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఊళ్ళోనే ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన జి. రవీందర్ రెడ్డి గారి పెద్ద పెద్ద ఆడవాళ్ళ తలలు చూసే ఉంటారు, కొప్పు, పూలు, గుడ్లు తెరిచిన కళ్ళు. అవి ఫైబర్‌గ్లాస్, సైజు భయపెడుతుంది కానీ పెట్టెలో పెట్టి పంపొచ్చు. అన్నీ అలా కుదరవు. రేచెల్ వైట్‌రీడ్ అనే శిల్పి లండన్‌లో ఒక పాత ఇంటి లోపల కాంక్రీట్ పోసి, గోడలు ఊడదీసి, లోపలి ఖాళీనే బొమ్మగా నిలబెట్టింది. 1993 అక్టోబరులో పూర్తయింది, ఆ ఏడాదే బ్రిటన్‌లో కళకిచ్చే టర్నర్ ప్రైజు వచ్చింది, 1994 జనవరిలో కూల్చేశారు. ఇప్పుడు ఫోటోలే దిక్కు.

నాకు ఇష్టమైంది మాత్రం ఫెలిక్స్ గొంజాలెజ్ టోరెస్ అనే కళాకారుడు 1991లో చేసింది. ఎయిడ్స్‌తో పోయిన తన జీవిత సహచరుడు రాస్ కోసం, గది మూలలో రంగు కాగితాల చాక్లెట్లు కుప్ప పోశాడు, 175 పౌండ్లు, అంటే 79 కిలోలు, ఒక మనిషి బరువు. వచ్చినవాళ్ళు ఒకటి తీసుకోవచ్చు. కుప్ప తగ్గుతూ ఉంటుంది, మ్యూజియం వాళ్ళు మళ్ళీ నింపొచ్చు. కొన్నవాళ్ళకి చేతికొచ్చేది సర్టిఫికెట్ కాగితం, చాక్లెట్లు బజార్లో కొనుక్కోవాల్సిందే.

చాక్లెట్ తినాలా దాచుకోవాలా అని అడుగుతారేమో, నేనైతే తినేసి కాగితం జేబులో పెట్టుకునేవాణ్ణి.