ప్రాప్యత లేదా, ప్రాప్తం లేదా?

సందేహం: మా ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. మా అబ్బాయి కంప్యూటరులోని పెళ్లి ఫోటోల ఫోల్డరు నా కంప్యూటరులో తెరుచుకోవడం లేదు. అడిగితే ‘నీకు యాక్సెస్ లేదు నాన్నా’ అంటాడు. తెలుగులో పెట్టుకున్న చోట్ల ‘ప్రాప్యత లేదు’, ‘భాగస్వామ్యం చేయబడిన ఫోల్డర్’ అని కనిపిస్తోంది. ఇవి సరైన మాటలేనా? ‘ఫోల్డర్’ అనాలా, ‘ఫోల్డరు’ అనాలా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: ‘ప్రాప్యత లేదు’ అని చూడగానే తెలుగువాడికి స్ఫురించేది ‘ప్రాప్తం లేదు’ అని. కొడుకు పెళ్లి ఫోటోలు చూసుకునే ప్రాప్తం తండ్రికి లేదని యంత్రం చేత చెప్పించడం అన్యాయం. వ్యాకరణం సంగతి చూస్తే, ప్రాప్యం అంటే పొందదగినది; ప్రాప్యత దాని గుణం. ఆ గుణం ఉండవలసింది ఫోల్డరుకు. ‘మీకు ప్రాప్యత లేదు’ అంటే మిమ్మల్ని పొందడం ఎవరి తరమూ కాదని అర్థం వస్తుంది.

‘భాగస్వామ్యం చేయబడిన’ అన్నది ఇంకో అడుగు ముందుకు వేసింది. ‘బడు’ను ఇంత ధారాళంగా వాడడం మన నుడికారం కాదు, అది అలా ఉంచండి. భాగస్వామి అంటే భాగానికి స్వామి, అంటే హక్కుదారు. లాభనష్టాలు రెండింటిలోనూ వాటా ఉన్నవాడు. మీ అబ్బాయి మిమ్మల్ని ఫోటోలు చూడనిస్తున్నాడు గాని ఫోల్డరు సగం మీ పేర రాయడం లేదు. చూడనివ్వడానికి అంత దస్తావేజు మాట ఎందుకు?

‘పంచు’ ఉందిగా అంటారు కొందరు. ఉంది, దివ్యమైన మాట. పోతన దశమ స్కంధంలో గోపబాలురు చల్దులు తినే ఘట్టం చదివినవారికి ఆ మాట రుచి తెలుస్తుంది. ‘ఇన్ని యుండగఁ బంచి యిడుట నెచ్చెలితనము’ అంటాడు ఒక పిల్లవాడు. ఇన్ని ఉన్నప్పుడు పంచిపెట్టడమే స్నేహం అని! స్నేహధర్మమంతా ఒక పసివాడి నోట, అదీ చద్ది మూటల ముందు పలికించాడు మహానుభావుడు. ఆ పద్యంలోనే ఇంకొకడున్నాడు: ‘ఒకని కంచములోని దొడిసి చయ్యన మ్రింగి చూడు లేదని నోరు చూపు’ గడుసువాడు. లోనిది ఒడిసి అని విడదీసుకోండి. ఒడిసి పట్టుకోవడం అని మనం ఇప్పటికీ అంటున్న ఒడిసే అది. ‘చయ్యన’లో ఎంత వేగముందో చూడండి. లాక్కోవడం, మింగడం, నోరు తెరిచి చూపడం, మూడు పనులూ ఒక్క పాదంలో అయిపోయాయి. ఈ రోజుల్లో పిల్లలకు పాఠం చెప్పేవారు పద్యానికి తాత్పర్యం రాయించి వదిలేస్తున్నారు. ఆ వేగం చెవిన పడేదెప్పుడు?

అయితే పంచితే వస్తువు తరుగుతుంది. నా చద్దిలో నీకు పెడితే నాకు అంత తక్కువ. ఫోటో పదిమంది చూసినా తరగదు. అందుకని ‘పంచిన ఫోల్డరు’ నాకు అంతగా నచ్చదు. ‘పంచుకొను’ కొంత నయం, కష్టసుఖాలు పంచుకుంటే తరగవు కదా. ‘పొత్తు’ను ఎన్నికలవాళ్లు ఎత్తుకుపోయారు, మనకు మిగిలింది మొక్కజొన్న పొత్తు. ఇక ‘ఉమ్మడి’ ఉంది. ఉమ్మడి బావి నీళ్లు అందరూ తోడుకుంటారు, బావిని ఎవరూ పంచుకోరు. నా ఓటు దానికే.

మీ అబ్బాయి అన్న ‘యాక్సెస్’ దగ్గర నాకు వేరే ఫిర్యాదు ఉంది. ఆ ఒక్క మాట చాటున మూడు వేర్వేరు తిప్పలు దాక్కుంటాయి. తెలుగులో ‘కనబడటం లేదు’, ‘తెరుచుకోవడం లేదు’, ‘మార్చనివ్వడం లేదు’ అని విడివిడిగా చెబితే సగం వైద్యం అయినట్టే. అవతలి కంప్యూటరే కనబడకపోతే, విండోస్‌లో మీ ఇంటి నెట్‌వర్క్ ‘పబ్లిక్’ అని ఉందేమో చూడమనండి. అలా ఉంటే ఒకదానికొకటి కనబడకుండా ఉండడమే దాని ఏర్పాటు. రెండింటిలోనూ ‘ప్రైవేట్’ అని మార్చాలి. కనబడి తెరుచుకోకపోతే అది అనుమతి సంగతి. అక్కడ అడిగేది మీ అబ్బాయి కంప్యూటరులోని ఖాతా పేరు, పాస్‌వర్డ్. నాలుగంకెల పిన్ ఆ యంత్రం ముందు కూర్చున్నవాడికే పనికివస్తుంది, పక్కగది నుంచి పనిచేయదు. పాస్‌వర్డ్ సరైనదైనా తెరుచుకోకపోతే, అనుమతులు రెండు చోట్ల ఉంటాయని గుర్తు చేయండి. నెట్‌వర్క్ ద్వారా వచ్చేవారికి ఇచ్చేది ఒకటి, ఫోల్డరు భద్రతలో ఉండేది ఇంకొకటి. రెండింటిలో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది. ఎవరైనా ఇంటి కంప్యూటర్లను కలిపే ‘హోమ్‌గ్రూప్’ పెట్టుకోమంటే వినకండి. 2009లో విండోస్ 7తో వచ్చిన ఆ సదుపాయాన్ని 2018లో విండోస్ 10 నుంచి తీసేశారు.

చూసే అనుమతి ఇస్తే చాలు, మార్చే అనుమతి అడగకండి. నెట్‌వర్క్ మీదుగా తుడిచేసిన ఫైలు మామూలుగా చెత్తబుట్టలోకి కూడా వెళ్లదు. చయ్యన మింగి నోరు చూపుతుంది.

‘ప్రాప్యత’ తప్పని నేను శాసించలేను. నిఘంటువుకు ఎక్కిన మాట. కాని ‘ఈ ఉమ్మడి ఫోల్డరు తెరిచే అనుమతి మీకు లేదు’ అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ‘యాక్సెస్’ అని ఇంట్లో అనుకుంటే అనుకోండి, అచ్చులో మాత్రం వద్దు.

రెండో సందేహానికి: ‘ఫోల్డరు’. తెలుగు మాట చివర అచ్చు ఉండాలి. హలంతంగా, అంటే హల్లుతో ముగించి, పలకడం నాగరికత అనుకునేవారు ‘బస్సు’ను మాత్రం ‘బస్’ అని ఎందుకు ఎక్కడం లేదో చెప్పాలి. బహువచనం ‘ఫోల్డర్లు’, అక్కడ పేచీ లేదు.