అమ్మ బాధ్యత నా ఒక్కదానిదేనా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, పెళ్లి కాలేదు. కాకినాడలో బ్యాంకు ఉద్యోగం. పక్షవాతంతో అమ్మ మూడేళ్లుగా మంచంలోనే ఉంది. మాట ముద్దగా వస్తుంది కానీ అన్నీ అర్థమవుతాయి. ఇప్పుడు ప్రమోషన్ మీద నాకు విశాఖ బదిలీ వచ్చింది. ‘కన్నతల్లిని చూసుకోవడం నీ ధర్మం, ప్రమోషన్ వదిలెయ్’ అంటోంది పిన్ని. ‘ఎవరి బతుకు వాళ్లది, హోమ్‌లో చేర్చి నీ సంగతి చూసుకో’ అంటున్నాడు హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య. ఈమధ్య అమ్మ మీద విసుక్కుని, తర్వాత ఏడుస్తున్నాను. ఏం చేయను?

జవాబు: ముందు మీ విసుగు సంగతి. మంచం పట్టిన మనిషికి వీపు మీద పుళ్లు పడకూడదంటే రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పాలి. అర్ధరాత్రి లేచి డైపర్ మార్చి, పొద్దున్నే మళ్లీ కౌంటర్‌లో కూర్చునే మనిషికి విసుగు రాకుండా ఎలా ఉంటుంది? ఒళ్లు అలిసిపోయింది, అంతే. అమ్మ మీద ప్రేమ ఎక్కడికీ పోలేదు.

పిన్నిగారి మాటలో బలం ఉంది. ప్రేమ అన్ని రోజులూ ఒక్కలా ఉండదు. ధర్మం అనుకున్నది మాత్రం మనసు బాగోని రోజున కూడా మనల్ని లేపి పని చేయిస్తుంది. తన దుఃఖంలో మునిగి, ఎవరి మీదా జాలి కలగని మనిషి కూడా చేయాల్సిన పని కాబట్టి సాయం చేస్తే, దానికే అసలైన నైతిక విలువ అన్నాడు జర్మన్ తత్త్వవేత్త కాంట్. మీరు విసుక్కుంటూనే అమ్మను తిప్పి పడుకోబెట్టిన రాత్రులు అలాంటివే.

కానీ ‘చూసుకో’ అనే ధర్మం ఎంతవరకో, ఎవరెవరో చెప్పదు. దాంతో అడక్కుండానే చేసే మనిషి నెత్తిన మొత్తం పడుతుంది. మన ఇళ్లలో ఆ మనిషి చాలాసార్లు పెళ్లికాని ఆడపిల్లే. మనిషిని కేవలం సాధనంగా వాడుకోకూడదని కూడా ఆ కాంటే చెప్పాడు. ఎదుటివాళ్లతో పాటు మనల్ని మనం వాడుకోవడం కూడా అందులోకే వస్తుంది. ఈ మాట పిన్నిగారికి చెప్పండి.

అన్నయ్య మాటలో ఉన్న మంచి ఏమిటంటే, మీ అలసటనీ ఆశనీ లెక్కలోకి తీసుకుంది అదొక్కటే. అయితే ఆయన లెక్క సగమే. మనిషి తన మేలు కోసమే పనిచేస్తాడని వాదించిన ఇంగ్లిష్ తత్త్వవేత్త హాబ్స్ ఓ ముసలి బిచ్చగాడికి డబ్బిచ్చాడట. ఎందుకని అడిగితే, ‘అతని అవస్థ చూస్తే నాకు బాధేసింది, ఇస్తే నాకూ ఊరట’ అన్నాడట. అమ్మ శుభ్రంగా, పుండు లేకుండా ఉందన్న నెమ్మది కూడా మీ మేలే కదా. పైగా ఇద్దరు పిల్లలూ ‘ఎవరి బతుకు వాళ్లది’ అనుకుంటే, తిరిగి ఏమీ ఇవ్వలేని ఆ తల్లి గతేమిటి? మీకు స్వేచ్ఛ ఇస్తున్నట్టు మాట్లాడి ఆయన తప్పుకుంటున్నారు. నాకు బాధ కలిగించింది ఇదే.

అమ్మను చూసుకోవాలా అన్నదానికి ధర్మం చెప్పిన జవాబు చాలు: చూసుకోవాలి. ఎలా, ఎంత, ఎవరు అన్నప్పుడు మాత్రం మీ మేలు కూడా లెక్కలోకి రావాలి. ప్రమోషన్ తీసుకోండి. విశాఖలో ఆఫీసుకు దగ్గరగా, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఇల్లు చూడండి. రాత్రికి ఓ కేర్‌టేకర్‌ని పెట్టుకోండి. ఆ జీతం అన్నయ్య ఇవ్వాలి, ఏడాదిలో కొన్ని వారాలు ఆయనే వచ్చి అమ్మ దగ్గర ఉండాలి. తల్లిదండ్రుల పోషణ కొడుకుదీ కూతురిదీ కూడా అని 2007 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. ఆయన కాదంటే ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రైబ్యునల్‌లో అమ్మ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడిదాకా వెళ్లకుండానే ఆయన ఒప్పుకుంటారని ఆశిస్తున్నాను. మనిషి దొరక్క, మీరు వారం వారం వెళ్లగలిగేంత దగ్గర్లో మంచి హోమ్ దొరికితే, అది కూడా అమ్మను వదిలేసినట్టు కాదు.

మీ ఉత్తరంలో పిన్ని మాట ఉంది, అన్నయ్య మాట ఉంది. అమ్మ ఏమంటోందో లేదు. అన్నీ అర్థమవుతాయని మీరే రాశారు కాబట్టి, బ్యాంకుకు జవాబిచ్చే ముందు పక్కన కూర్చుని ఆవిణ్ణి అడగండి.