గాల్‌బ్లాడర్ రాళ్ల మీద రీసెర్చ్ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. మా అమ్మకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేశాక డాక్టరుగారు రాళ్లను చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చారు. అవి చూసినప్పటి నుంచి ‘వీటి మీదే ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తా’ అంటోంది. ఎంబీబీఎస్ సీటు రాలేదన్న బాధ మాకింకా పోలేదు. ఈ దారిలో ఉద్యోగం దొరుకుతుందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: సీటు సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ అమ్మాయి పట్టుకున్న విషయం మంచిది. కొలెస్ట్రాల్‌ను మొదట గుర్తించిందే ఈ రాళ్లలో. ఆ పేరు మొదట్లో ఉన్న గ్రీకు మాటకు అర్థం పైత్యం, అంటే కాలేయంలో తయారయ్యే బైల్ రసం. బైల్ ఆమ్లాల నిర్మాణం మీద పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త హైన్రిక్ వీలాండ్‌కు 1927 కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

పైత్యరసంలో చాలా భాగం నీరే. కొలెస్ట్రాల్ నీటిలో కరగదు. బైల్ సాల్టులు, లెసిథిన్ అనే కొవ్వు పదార్థం కలిసి దాని చుట్టూ చేరి కరిగి ఉండేలా చూస్తాయి. కొలెస్ట్రాల్ ఎక్కువైనా, ఆ రెండూ తగ్గినా స్ఫటికాలు కడతాయి. గాల్‌బ్లాడర్ సరిగా ముడుచుకోకపోతే అవి బయటికి పోక, పెరిగి రాళ్లవుతాయి. నల్ల రాళ్లది వేరే దారి. సికిల్ సెల్ లాంటి జబ్బుల్లో ఎర్ర రక్తకణాలు తొందరగా పగిలి, వాటి నుంచి వచ్చే బిలిరుబిన్ అనే రంగు పదార్థం పెరిగి ఆ రాళ్లు కడతాయి.

అసలు తమాషా రక్తం దగ్గర ఉంది. రిపోర్టులో కొలెస్ట్రాల్ నార్మల్‌గా ఉన్నవాళ్లకూ రాళ్లు వస్తాయి. కాలేయం రక్తంలోకి వదిలేది వేరు, పైత్యంలోకి పంపేది వేరు. రాయి గాల్‌బ్లాడర్‌లోనే కదలకుండా ఉంటే లివర్ ఫంక్షన్ టెస్టులు మామూలుగానే ఉండొచ్చు. జారి పైత్యనాళానికి అడ్డం పడితే మాత్రం రక్తంలో డైరెక్ట్ బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ అనే ఎంజైములు పెరుగుతాయి. ఒకే పేషెంటు రక్తాన్నీ పైత్యాన్నీ పక్కపక్కన పెట్టి కొలవడం ఎమ్మెస్సీకి సరిపోయే ప్రాజెక్టు.

చిక్కు కూడా చెబుతాను. పోల్చి చూడటానికి రాళ్లు లేని మనిషి పైత్యం ఎక్కడి నుంచి తెస్తారు? పరిశోధన కోసమని ఎవరికీ సూది గుచ్చి తీయలేం కదా. వేరే కారణానికి ఆపరేషన్ అవుతున్నవాళ్ల దగ్గర, వాళ్ల సమ్మతితో, ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకునే సేకరించాలి. అందుకే సర్జరీ విభాగంతో కలిసి పనిచేసే గైడ్ లేకపోతే ఈ టాపిక్ జోలికి వెళ్లొద్దనే చెబుతాను. శాంపిళ్లు రాక ఏడాది గడిచిపోతే టెన్షన్ పడేది అమ్మాయే.

ఉద్యోగం మాటకొస్తే, ఎవరూ ‘రాళ్ల నిపుణురాలు’ కావాలని ప్రకటన ఇవ్వరు. చూసేది చేతిలో ఉన్న పనినే: ఎంజైమ్ పరీక్షలు, స్పెక్ట్రోఫొటోమీటర్ (కాంతితో పదార్థాన్ని కొలిచే యంత్రం), హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం), క్వాలిటీ కంట్రోల్, అంకెలను విశ్లేషించడం. అవి వస్తే డయాగ్నొస్టిక్ ల్యాబులు, ఫార్మా, క్లినికల్ రీసెర్చ్ కంపెనీలు తీసుకుంటాయి. ఇలాంటి కొలతల్లో మన తెలుగువాడి పేరూ ఉంది. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కె–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావే. పైత్యంలో లెసిథిన్ లాంటి ఫాస్ఫోలిపిడ్లను (ఫాస్ఫరస్ ఉన్న కొవ్వులను) లెక్కగట్టడానికీ ఆ పద్ధతి, దాని మార్పులూ పనికొచ్చాయి.

ఎమ్మెస్సీ సీటుకు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్, హెచ్‌సీయూకి సీయూఈటీ పీజీ రాయాలి. మెడికల్ కాలేజీల్లో మూడేళ్ల ఎమ్మెస్సీ మెడికల్ బయోకెమిస్ట్రీ ఉంది. పేషెంటు శాంపిళ్లకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ టాపిక్‌కు నా ఓటు దానికే. అయితే ఎండీ లేనివాళ్లను మెడికల్ కాలేజీల్లో పాఠాలకు తీసుకునే నిబంధనలు మారుతూ ఉన్నాయి. చేరేముందు అది కనుక్కోండి. పీహెచ్‌డీ వైపు వెళ్లాలంటే సీఎస్‌ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాయాలి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు.

మీ అమ్మగారి రాళ్లు ఇంకా ఆ డబ్బాలోనే ఉంటే, గైడ్ దొరికినప్పుడు ఒకసారి చూపించమనండి. కోసి చూస్తే లోపల పసుపా (కొలెస్ట్రాల్) నలుపా (బిలిరుబిన్) అన్న దగ్గరే చర్చ మొదలవుతుంది.