యూరప్ వెళ్లబోయే కుందేలుకు బొంత ఏనుగు రాసిన ఉత్తరం

నల్లగొండ,
పడమటింటి అల్మారా, పై అర.

చిరంజీవి కుందేలుకు బొంత ఏనుగు తాత ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. వచ్చే నెలలో మన ఇంటివాళ్లు మళ్లీ యూరప్‌కు వెళ్తున్నారనీ, ఈసారి బాబు చంకలో ప్రయాణించే భాగ్యం నీకు దక్కిందనీ నిన్న రాత్రి భోజనాల దగ్గరి మాటలను బట్టి తెలిసింది. 2018 మే నెలలో ఇదే ప్రయాణాన్ని పెద్దపాపతో కలిసి నేను చేశాను. అప్పుడు పాపకు ఆరేళ్లు. ఇప్పుడు పద్నాలుగేళ్ల పాప, తన సంచిలో ఛార్జరుకు తప్ప బొమ్మలకు చోటు లేదని చెప్పేసింది. అందులో నొచ్చుకోవలసింది ఏమీ లేదు; నొచ్చుకున్నాను, అది వేరే సంగతి.

నా పుట్టుక గురించి రెండు మాటలు చెప్పాలి. నానమ్మ తన పాత పోచంపల్లి చీరలతో బొంత కుట్టగా మిగిలిన గుడ్డ ముక్కలను ఒకదానికొకటి అతికి, మన జిల్లాలో పండిన పత్తినే ఏకించి లోపల నింపి, నన్ను తయారు చేసింది. కుట్టుపని మధ్యలో లేవవలసి వచ్చినప్పుడు సూదిని నా వీపులో గుచ్చి పోయే అలవాటు ఆమెకు అప్పటి నుంచే ఉంది. ఈ సూది సంగతి గుర్తుంచుకో, తర్వాత పనికి వస్తుంది. నువ్వేమో హైదరాబాదు దుకాణం నుంచి వచ్చిన, తెల్లటి మెత్తని బొచ్చుగల కుందేలువు. ప్రయాణంలో తెలుపు ఎంత ప్రమాదకరమైన రంగో కూడా కింద రాస్తాను.

అన్నిటికంటే ముందు నువ్వు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఈ పదిహేను రోజుల్లో బాబుకు కలిగే భయాలు, బాధలు సగానికి సగం నీ పేరు మీదనే బయటికి వస్తాయి. శంషాబాద్‌లో మా విమానం పైకి లేచిన కాసేపటికి పాప నన్ను అమ్మ ముందుకు తోసి, "ఏనుగుకు చెవులు నొస్తున్నయంట" అని చెప్పింది. ఏనుగు చెవులు పెద్దవి కాబట్టి నొప్పి కూడా పెద్దదే అయి ఉంటుందని నాన్న నవ్వాడు గాని, అమ్మకు వెంటనే అర్థమైంది. విమానం పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ చుట్టూ ఉన్న గాలి పీడనం మారిపోతుంది. చెవి లోపలి గాలి దానితో సమానం కావాలంటే మాటిమాటికీ గుటక వేయడం మంచిది. అందుకని అమ్మ ఒక చాక్లెట్‌ను ముందు నా తొండానికి చూపించి, తర్వాత పాప నోట్లో వేసింది. దిగేటప్పుడు ఈ నొప్పి ఇంకా ఎక్కువగా ఉంటుంది. నీవి నాకంటే పొడుగు చెవులు. కాబట్టి నింద నీ మీద పడుతుంది, పడనివ్వు. ఒంట్లో ఉన్నది దూదే అయినా, బాబు నొప్పి అన్నప్పుడు నీకు నొప్పి ఉన్నట్టే.

బయలుదేరే ముందు జరిగే హడావుడిలో నీ పాత్ర చిన్నది. వీసా ఫోటోలో నీకు చోటుండదు. యూరప్‌లోని చాలా దేశాలకు ఒకటిగా చెల్లే షెంగెన్ వీసాకు పెద్దవాళ్ల రుసుము 90 యూరోలు, మనిషికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా అంటూ నాన్న లెక్కలు వేస్తుంటే విను గాని కంగారు పడకు. ఆరేళ్లు నిండని బాబుకు రుసుమూ లేదు, వేలిముద్రలూ లేవు. నువ్వు జాగ్రత్త పడవలసింది సామాన్లు సర్దే రోజున. నిన్ను పెద్ద సూట్‌కేసులో సకినాల డబ్బా పక్కన కుక్కే ప్రయత్నం తప్పక జరుగుతుంది, దానికి లొంగకూడదు. సూట్‌కేసు ఒక ఊరికి, మనుషులు మరో ఊరికి చేరే సందర్భాలు ఉంటాయి; బొమ్మ స్థానం ఎప్పుడూ చేతి సంచిలోనే. సకినాలకు అక్కడ ఏ అభ్యంతరమూ లేదు. నెయ్యి డబ్బా, మటన్ పచ్చడి మాత్రం వెళ్లవు, ఎందుకంటే బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలను గాని మాంసాన్ని గాని వెంట తేవడాన్ని యూరోపియన్ యూనియన్ అనుమతించదు. ఆ ఏడాది నానమ్మ చివరి నిమిషంలో నెయ్యి డబ్బాను బయటికి తీసి, "మరి ఆడ అన్నంల ఏమేసుకుంటరు?" అని అడిగిన ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. విమానాశ్రయంలో నిన్ను ఒక్కడినే బెల్టు మీద పడుకోబెట్టి చీకటి పెట్టెలోకి పంపిస్తారు. అది ఎక్స్‌రే యంత్రం, దాని వల్ల నీకేమీ కాదు. అవతలి వైపు బాబు కంటే ముందు చేరి, వాడికి కనిపించేలా పడి ఉండు.

పారిస్‌లో మొదటి చిక్కు సూర్యుడితో వస్తుంది. మే నెల చివరలో అక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుగు పోదు. అప్పటికి మన నల్లగొండలో అర్ధరాత్రి దాటి ఒంటిగంట అవుతూ ఉంటుంది. బాబు ఒళ్లు మన గడియారాన్ని, కళ్లు అక్కడి ఆకాశాన్ని నమ్ముతాయి. ఆ రెండింటి మధ్య పడి వాడు ఏడుస్తాడు. కిటికీ తెర వేయించి, నిన్ను ముఖం మీద కప్పుకోనిచ్చి, వాడు నిద్రపోయేదాకా కదలకుండా పడి ఉండు.

నిద్ర తర్వాత వచ్చేది పక్కబట్టల గండం. దీని గురించి వివరంగా రాయక తప్పదు. రెండో రోజు పొద్దున పాప నన్ను దుప్పటి కింద వదిలి, అమ్మ తొందర పెడుతుంటే లూవ్ర్ మ్యూజియం చూడడానికి వెళ్లిపోయింది. గది సర్దడానికి వచ్చినామె దుప్పట్లను ఒక్క ఊపున చుట్టి చక్రాల బండిలో వేసింది, ఆ చుట్టలో నేనూ ఉన్నాను. ఎరుపు, నలుపు పోచంపల్లి రంగుల్లో ఉన్న నన్నే ఎవరూ గుర్తించలేదంటే, తెల్ల దుప్పట్లలో తెల్ల కుందేలువైన నీ సంగతి ఆలోచించుకో. రోజంతా భవనం అడుగున ఉన్న ఉతుకు గదిలో దిండు గలీబుల కింద ఉన్నాను. సాయంత్రం తిరిగి వచ్చిన పాప మంచం చూసి, ఏడవకుండా, "ఏనుగు తప్పిపోలేదు, మనమే తప్పిపోయినం అనుకుంటున్నది" అని చెప్పిందట. నానమ్మ తర్వాత ఎన్నోసార్లు ఈ మాట చెప్పుకొని కళ్లు తుడుచుకుంది. నాన్నకు ఫ్రెంచి రాదు, కౌంటర్ దగ్గరున్న కుర్రవాడికి ఇంగ్లిష్ అంతంతమాత్రం. చివరికి ఫోన్‌లో ఉన్న నా ఫోటో పని చేసింది. ఆ కుర్రవాడు ఫోన్ పట్టుకొని కిందికి దిగి, నన్ను తొండం పట్టుకొని పైకి తెచ్చాడు. కాబట్టి బయలుదేరే ముందే నీకు ముందు నుంచీ పక్క నుంచీ ఫోటోలు తీయించుకో. పొద్దున లేవగానే మంచం దిగి కుర్చీ ఎక్కు. చెవి లోపలి వైపు నాన్న ఫోన్ నంబరును ముందు 91తో సహా కుట్టించుకో.

ఆ కారణంగా లూవ్ర్ గురించి నేను నీకు ఏమీ చెప్పలేను. మోనాలిసా బొమ్మ 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమేనని నాన్న అందరికీ చెబుతుంటాడు; నేను మాత్రం ఉతుకు గది గురించే చెబుతాను, చూసింది అదే కాబట్టి. మంగళవారం ఆ మ్యూజియానికి సెలవు. ఫ్రిజ్ మీద అంటించిన మీ ప్రయాణ పట్టికలో లూవ్ర్ మంగళవారమే ఉంది, ఎవరైనా చూస్తే బాగుండును.

ఈఫిల్ టవర్ ఎత్తు అప్పట్లో 324 మీటర్లు. 2022లో పైన కొత్త ఆంటెన్నా పెట్టాక 330 అయింది. మన సాగర్ డ్యామును రెండున్నర సార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా దాని కొనను అందుకోదు. నోత్రదామ్ చర్చి పైన సూదిలాంటి శిఖరాన్ని నేను బయటి నుంచి చూశాను. మేము వచ్చిన మరుసటి ఏడాది, 2019 ఏప్రిల్ 15న, అది మంటల్లో కూలిపోతుంటే పాప ఒళ్లో కూర్చొని టీవీలో కూడా చూశాను. మళ్లీ కట్టి 2024 డిసెంబరులో తెరిచారు కనుక నువ్వు కొత్త శిఖరాన్ని చూస్తావు. వచ్చాక ఎలా ఉందో నాకు చెప్పు.

స్విట్జర్లాండ్‌లో నీ శత్రువు చలి అనుకుంటావు గాని, దూదికి చలితో పని లేదు, తడితోనే ప్రమాదం. జుంగ్‌ఫ్రౌయోఖ్ అనే చోటు సముద్రమట్టానికి 3,454 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి 1912లోనే కొండ లోపల సొరంగం తొలిచి రైలు వేశారు. ఆ సొరంగంలోకి రైలు దూరగానే పాప "ఏనుగుకు చీకటి పడదు" అంటూ నా కళ్లు మూసింది. పైన గాలి పలచన. లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు ఆగకుండా ఎక్కే నానమ్మ అక్కడ పది అడుగులకొకసారి నిలబడింది. పాప మంచులో నన్ను అడుగుదాకా పాతిపెట్టి, తవ్వి తీసి, మళ్లీ పాతిపెట్టి ఆడుకుంది. బొచ్చు మీద పడ్డ మంచును దులిపితే పోతుంది, కరిగి లోపలికి దిగితే మాత్రం దూది ముద్ద కడుతుంది. గది హీటరు పక్కన మూడు రోజులు ఆరవేసినా నా కడుపులో గడ్డలు పోలేదు. ఇంటికి వచ్చాక నానమ్మ కుట్లు విప్పి, దూదిని మళ్లీ ఏకి నింపవలసి వచ్చింది. నీ లోపల ఉన్నది పత్తి కాదు, పాలిస్టర్ దూది అంటున్నారు. తొందరగా ఆరుతుందేమో గాని, నువ్వు మాత్రం బాబు కోటు లోపలే ఉండు.

బెర్న్ నగరంలో నది ఒడ్డున నిజమైన ఎలుగుబంట్లు ఉంటాయి, ఆ ఊరి జెండా మీదా ఎలుగుబంటే. దూరం నుంచి చూస్తే చాలు.

ఇక జర్మనీ. ఈసారి పట్టికలో గీంగెన్ లేదని తెలిసి నాకు బాధ కలిగింది. ఉల్మ్ నగరం నుంచి చిన్న రైలెక్కితే వచ్చే ఆ చిన్న ఊరు మన జాతికి పుట్టిల్లు. 1847లో అక్కడ పుట్టిన మార్గరెటె స్టైఫ్‌కు ఏడాదిన్నర వయసులో పోలియో సోకి కాళ్లు పడిపోయాయి, కుడిచెయ్యి కూడా సరిగా సాగేది కాదు. చక్రాల కుర్చీలో కూర్చొనే కుట్టుపని నేర్చుకుంది. సూదులు గుచ్చుకునేందుకని ఆమె ఫెల్టు గుడ్డతో ఒక చిన్న ఏనుగును కుడితే, పిల్లలు సూదులు పక్కన పడేసి ఏనుగును ఎత్తుకుపోయారు. ఆ ఏనుగుతోనే 1880లో ఆమె బొమ్మల వ్యాపారం మొదలైంది. ఆమె తమ్ముడి కొడుకైన రిచర్డ్ 1902లో కాళ్లు చేతులు కదిలే ఎలుగుబంటిని తయారు చేశాడు. మరుసటి ఏడాది లైప్‌జిగ్ సంతలో ఒక అమెరికన్ వ్యాపారి వాటిని మూడు వేలు కావాలన్నాడట. ఎవరూ నకిలీలు అమ్మకుండా 1904 నుంచి ప్రతి బొమ్మ చెవికీ ఒక లోహపు బొత్తాం పెట్టడం మొదలుపెట్టారు.

గీంగెన్‌లోని స్టైఫ్ బొమ్మల మ్యూజియంలో ఈ చక్రాల కుర్చీ కథ విన్నాక నానమ్మ చాలాసేపు బల్ల మీద కూర్చుండిపోయింది. మర్రిగూడ దిక్కున ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయిన చుట్టాలు ఆమెకు ఉన్నారు. అది పోలియో కాదు, నీళ్ల వల్ల వచ్చిన జబ్బు; కారణాలు వేరని ఆమెకూ తెలుసు. అయినా, "కూసున్న కాడికెల్లే ఇంత పని చేసిందా?" అని అడిగి, తర్వాత నన్ను తిప్పి నా వీపు మీది సూది రంధ్రాలను వేలితో తడిమింది. నేను కూడా సూదులు గుచ్చుకోవడానికి పనికి వచ్చిన ఏనుగునేనని ఆ రోజే నాకు తెలిసింది. బాబు వాళ్ల నాన్న ఒక్క రోజు సర్దుబాటు చేసుకుంటే నువ్వూ చూసి రావచ్చు. కుందేళ్లు కూడా అక్కడ ఉన్నాయి.

తిరిగి వచ్చాక కథ చెప్పే పని ఉంటుంది, అది ఇంకా బరువైనది. పాపకు అప్పటికే రాయడం వచ్చు కాబట్టి, రెండు వందల పేజీల లాంగ్ బుక్కులో నేను చెప్పినట్టుగా ప్రయాణమంతా రాసింది. బాబుకు ఇంకా అక్షరాలు కుదురుకోలేదు. అందుకని ప్రతి రాత్రీ అమ్మ "కుందేలు ఇయ్యాల ఏం చూసింది?" అని అడగాలి, బాబు చెప్పాలి, అమ్మ రాయాలి. టవర్ ఎంత ఎత్తు అనే లెక్కల కోసం వాడిని ఒత్తిడి చేయనివ్వకు. కుందేలుకు రైల్లో బాత్రూం తలుపు తెరుచుకోలేదనీ, కుందేలు పెరుగన్నం కోసం ఏడ్చిందనీ వాడు చెబితే అదే రాసుకోవాలి. అదంతా వాడికే జరిగి ఉంటుంది. నువ్వు మధ్యలో దిద్దకు. నువ్వు బాబు చంక ఎత్తు నుంచి చూసినవే నీ కథ, వాడు నిద్రపోయాక పెద్దవాళ్లు చూసినవి వాళ్ల కథ. పాప పుస్తకంలో లూవ్ర్‌కు కేటాయించిన పేజీలో ఒక చక్రాల బండి బొమ్మ, దాని నిండా దుప్పట్లు, మధ్యలోంచి బయటికి వచ్చిన ఒక తొండం ఉంటాయి. ఆ పేజీని పాప ఇప్పటికీ స్నేహితులకు చూపిస్తుంది. అల్మారా అరలో ఉన్నవాడికి అలాంటివి వినబడతాయి.

రాయవలసింది ఇంకా ఉంది గాని, నానమ్మ ఇప్పుడే కళ్లద్దాలు తుడుచుకొని, నీ చెవికి ఫోన్ నంబరు కుట్టడానికి ఎర్రదారం ఉండ తెచ్చింది. సూది నా వీపులోనే ఉంది. ఆమె తీసుకోగానే నీ వంతు. పది అంకెలు, ముందు 91, అన్నీ పూర్తయ్యేదాకా చెవి కదపకుండా కూర్చో.

ఇట్లు,
బొంత ఏనుగు తాత