ముత్తాతగారి ఇంటి కాగితంలో కాకినాడ పేరెందుకు లేదంటే...

కాగితం నకిలీ కాదండి, కంగారు పడకండి. మీ ముత్తాతగారి ఇల్లు జగన్నాథపురంలో అన్నారు, ఆ ఇంటి 1820 నాటి కాగితంలో కాకినాడ మాటే లేదన్నారు. ఉండదు మరి! అప్పటికి జగన్నాథపురం ఇప్పట్లా కాకినాడలో పేట కాదు, ఉప్పుటేరుకి అవతల డచ్చివాళ్ళ రేవు. ఇంగ్లీషువాళ్ళకీ డచ్చివాళ్ళకీ కుదిరిన 1824 ఒప్పందం తర్వాత, 1825లో ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. కాకినాడ మునిసిపాలిటీ అయిందే 1866లో.

వంతెన మీద ఆగి కిందికి చూడండి, ఏట్లో వరసగా కట్టేసిన పడవలు. ఒకప్పుడు ఆ నీళ్ళే రెండు ఊళ్ళ మధ్య ఎల్ల. మా మామ్మ చివరిదాకా "ఏరు దాటి కాకినాడ వెళ్ళొస్తా" అనేది, ఉండేది కాకినాడలోనే!

పాత రికార్డుల్లో వెతికేటప్పుడు జగన్నాథపురాన్ని జగన్నాయకపురం అని చూడండి, డచ్చి, ఇంగ్లీషు రికార్డుల్లో ఆ పేరే రకరకాలుగా విరిగింది. జిల్లా దగ్గర కూడా జాగ్రత్త: 1859కి ముందువైతే రాజమండ్రి జిల్లా కింద, తర్వాతవైతే గోదావరి జిల్లా కింద. డచ్చి ఈస్టిండియా కంపెనీ దస్త్రాలు నెదర్లాండ్స్‌లో, హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ముందు మాత్రం కాగితంలో ఎల్లలు రాసిన నాలుగు లైన్లూ ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.